మైల తీరని ఫైళ్లు

కర్నూలులో కంప్యూటరు ఇంకా ఇంటింటికీ రాని రోజులవి. వీధికొక ఇంటర్నెట్ సెంటరు, దాని మెట్ల మీద చెప్పుల కుప్ప. డిగ్రీ అయిపోయిన ఆడపిల్ల ఎవరింట్లోనైనా ఖాళీగా కనిపిస్తే చాలు, సంబంధం కుదిరేలోపు కంప్యూటర్ కోర్సు చేయించాలని చుట్టాలందరూ కలిసి తీర్మానించేసేవారు. నాకూ చేయించారు. కోర్సు ముగిసింది, సంబంధం కుదరలేదు (వచ్చినవాళ్లు నా నోటికి భయపడి పారిపోయారని మా అమ్మ ఇప్పటికీ అంటుంది). అందుకని నన్ను మా చిన్నాయన ఫోటో స్టూడియోలో కూర్చోబెట్టారు. ఆ వయసులో నాకు ఎండ మీద కోపం, కరెంటు పోతే కోపం, వస్తే ఇంతసేపు ఎక్కడికి పోయిందని కోపం. కానీ ఇప్పుడు చెప్పబోయే రోజున మాత్రం నా కోపం న్యాయమైనదేనని మీరే ఒప్పుకుంటారు.

చిన్నాయన చాలా మంచివాడు. కోపిష్టి మనిషికి అంతకంటే పెద్ద శిక్ష లేదు. ఎంత అరిచినా "సరేలేమ్మే" అంటాడు, మళ్లీ తను చేసేదే చేస్తాడు. రీళ్ల కాలం నుంచీ ఆయనకొక పట్టింపు ఉండేది. పెళ్లిళ్లు, బారసాలల నెగటివ్‌లు దేవుడి పటం కింద అల్మారాలో పెట్టాలి. పోయినవాళ్లవి, అంటే శవం దగ్గర తీసేవీ, దండ వేసి గోడకు తగిలించడానికి పెద్దవి చేయించుకునేవీ, అవతలి గదిలో రేకు పెట్టెలో పెట్టాలి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. డిజిటల్ కెమెరా కొన్నాక ఆ పట్టింపు కూడా కంప్యూటర్లోకి వచ్చి కూర్చుంది. ఒక డ్రైవ్‌కు 'శుభం' అనీ ఇంకోదానికి 'అశుభం' అనీ నా చేతనే పేర్లు పెట్టించాడు. పళ్లు నూరుకుంటూ పెట్టాను.

ఫోటోలన్నీ ఒకేచోట చూపించే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఒకటి నేనే పట్టుబట్టి వేయించాను. దానిది ఒకటే షరతు. ఏ ఫోటోనైనా ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చాలంటే దాని లోపలి నుంచే మార్చాలి. దానికి చెప్పకుండా బయటి నుంచి ఫోల్డర్ తెరిచి మార్చామంటే, ఆ ఫోటో ఎక్కడికి పోయిందో దానికి తెలియదు. గోరంత బొమ్మను మాత్రం చూపిస్తూ పక్కన ప్రశ్నార్థకం పెడుతుంది, నొక్కితే 'ఫైలు దొరకలేదు' అంటుంది. ఈ సంగతి చిన్నాయనకు నోరు నొప్పి పుట్టేదాకా చెప్పాను. "వంటింట్లో డబ్బాలు జరిపితే చిన్నమ్మకు చెప్తావా లేదా? ఇదీ అంతే" అన్నాను. "చెప్పకుంటే బతకనిస్తాదామ్మే?" అన్నాడు. అర్థమైందనుకున్నాను.

ఆ ఎండాకాలం కల్లూరులో ఒక పెళ్లి తీశాం. పెళ్లికూతురిని పెంచింది వాళ్ల అవ్వ. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ కెమెరాకు మొహం చూపించలేదట. మనవరాలి పెళ్లి కాబట్టి పక్కనే కూర్చోక తప్పలేదు. తాళి కట్టేటప్పుడూ అవ్వ, తలంబ్రాలప్పుడూ అవ్వ. చిన్నాయన కెమెరా ఎత్తినప్పుడల్లా ఆయన్ను తిడుతూనే ఉంది. పెళ్లైన కొన్ని వారాలకే ఆవిడ కన్నుమూసింది. బాగా పెద్ద వయసే. అయినా కల్లూరులో కొందరు తప్పంతా మా స్టూడియో మీదే వేశారట (మా కెమెరాకు అంత శక్తే ఉంటే ముందు ఆ కరెంటు ఆఫీసు వాళ్లను నిలబెట్టి ఫోటో తీసేదాన్ని).

అవ్వ దినానికి ఇంకా రెండ్రోజులుందనగా పెళ్లికూతురి అన్న స్టూడియోకు వచ్చాడు. "పాపా, అవ్వది పెద్ద ఫోటో గావాల. ఇంట్లో ఒగటి గూడా లేదు. ఓటరు కార్డులో గూడా కొంగు అడ్డం పెట్టుకోనుండాది. పెండ్లిలో మీరు తీసినేవే. అవి గూడా లేకుంటే ఇంగ అవ్వ మొగం మాకు లేదు" అన్నాడు. "అయ్యో, దానికేముందన్నా, కూర్చో" అని నేను ధీమాగా సాఫ్ట్‌వేర్ తెరిచాను.

తాళి కట్టే ఫోటో పక్కన ప్రశ్నార్థకం. తలంబ్రాల పక్కన ప్రశ్నార్థకం. అవ్వ ఉన్న ప్రతి ఫోటో పక్కనా అదే. నొక్కిన ప్రతిసారీ 'ఫైలు దొరకలేదు'. 'వెతకమంటారా?' అని సాఫ్ట్‌వేరే అడిగింది. వెతికి చావు అన్నాను. అదీ వెతికింది పాపం. చిక్కేమిటంటే కెమెరా తీసిన ఫోటోలకు పేర్లుండవు, నంబర్లే. నంబర్లు అయిపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. అందువల్ల శుభంలో ఉన్న నంబరే అశుభంలోనూ ఒకటి ఉండవచ్చు. నంబరు కలిస్తే చాలు, మనిషెవరైతే దానికేం? 'దొరికింది' అని సంబరంగా తెరిచి చూపించింది. వధూవరులు తలంబ్రాలు పోసుకోవలసిన చోట నుదుటి మీద రూపాయి బిళ్లతో, చుట్టూ అగరొత్తులతో, పత్తికొండ టమేటా మండీ పెద్దాయన పడుకుని ఉన్నాడు.

కల్లూరు అన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఎవరు పాపా ఈయన? మా చెల్లెలి పెండ్లిలో పీనిగ ఏం చేస్తాండాది?"

ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాణ్ని తిట్టాను, నంబర్లు పెట్టే కెమెరాను తిట్టాను, మౌస్‌ను బల్లకేసి కొట్టాను. చిన్నాయనకు ఫోన్ చేస్తే ఆయన సెల్లు నా ఎదురుగా గల్లా పెట్టె మీదే మోగింది. ఆయనేమో గృహప్రవేశం తీయడానికి పోయాడు. ఆ మధ్యాహ్నం నాకొచ్చిన కోపానికి ఫ్యాను కూడా భయపడి ఆగిపోయింది (కరెంటు పోయిందిలెండి). మళ్లీ కరెంటు వచ్చేదాకా ఆ అన్నా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చెమటలు కక్కుతూ కూర్చున్నాం.

చివరికి చిన్నాయన తాంబూలం సంచి ఊపుకుంటూ వచ్చాడు. ఆయన చెప్పులైనా విడవకముందే అందుకున్నాను.

"చిన్నాయనా, కల్లూరు అవ్వ ఫోటోలు యాడ?"

"తీసి పెట్టినాలేమ్మే."

"తీసి యాడ పెట్టినావు? ఎందుకు తీసినావు? చెప్పకుండా తీయద్దని ఎన్నితూర్లు చెప్పినా నీకు?"

"చెప్పే తీసినామ్మే," అన్నాడు ఆయన నొచ్చుకుంటూ. "అవ్వ పోయిందని తెల్సినాంక పెండ్లిలో ఎట్ల ఉంచుతాం? నువ్వు నేర్పించినట్లే లోపల్నుంచి అశుభంలోకి మార్చబోతి. అది ఒప్పుకోలే. అదే పేరుతో ఇంగొగటి ఉండాది, కుదరదు అనె. అప్పుడు నాకు తట్టె. దినం గాలేదు గదా! మైల తీరకముందే పాతోళ్లతో ఎట్ల కలుపుతాం? దానికున్న బుద్ధి నాకు లేకపాయె అనుకుంటి. పెండ్లిలో ఉంచేకి లేదు, ఆడ పెట్టేకి లేదు. అందుకే ఫోల్డర్ తెర్సి పెన్ డ్రైవ్‌లోకి తీసి బయట పెట్టినా."

"బయట అంటే?"

"వాకిలి బయటమ్మే. మైల గదా."

నేను పరిగెత్తాను. స్టూడియో షట్టర్ పక్కన గోడకు మేకు, ఆ మేకుకు వేలాడుతున్న వక్కపొడి డబ్బా, అందులో పెన్ డ్రైవ్. రోజులకు రోజులు కర్నూలు ఎండలో! డబ్బా పట్టుకుంటే చేయి చుర్రుమంది. పెన్ డ్రైవ్ మూత ఒక పక్కకు వంగిపోయి ఉంది. కెమెరా కార్డు ఎప్పుడో చెరిపేశాం కాబట్టి, ఆ అవ్వ మొహం ఈ లోకంలో మిగిలిందంటే ఆ వంగిన ప్లాస్టిక్ ముక్కలోనే మిగిలింది. "పెన్ డ్రైవ్‌కు మైలేంది చిన్నాయనా! రేపట్నుంచి నేను రాను!" అని వీధి వీధంతా వినిపించేలా అరిచాను. పక్క కొట్లో ఫ్రేములు కట్టే చాచా తల బయటికి పెట్టి, నన్ను చూసి, గబుక్కున లోపలికి లాక్కున్నాడు.

కంప్యూటరుకు పెడితే గుర్తించలేదు. తీసి, కూజా పక్కన చల్లారబెట్టి మళ్లీ పెట్టాను. కల్లూరు అన్న కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటున్నాడు. చిన్నాయన మొహంలో అప్పటికిగానీ రంగు మారలేదు. "పోతాయామ్మే?" అన్నాడు నెమ్మదిగా. మాట్లాడితే ఏడుస్తానని భయం వేసింది, ఏడిస్తే ఇంకా కోపం వస్తుంది. చాలాసేపటికి ఫోల్డర్ తెరుచుకుంది. అవ్వ వచ్చింది.

అన్ని ఫోటోల్లోనూ తిడుతూనే ఉంది. ఒకదాంట్లో కళ్లురిమి, ఒకదాంట్లో చేయి అడ్డం పెట్టి, ఒకదాంట్లో నోరు పూర్తిగా తెరిచి. నవ్వుతున్నది ఒక్కటీ లేదు. ఏం చూపించాలో తెలియక నేను తటపటాయిస్తుంటే అన్న వేలు పెట్టి చూపించాడు. పైకి లేపిన చేయి, ముడిపడిన కనుబొమలు, నేరుగా మన మొహంలోకి చూసి తిట్టే ఫోటో. "ఇదే పాపా. మా అవ్వ ఇట్లనే ఉండె" అన్నాడు.

సాయంత్రం ఫ్రేము తీసుకోవడానికి చెల్లెల్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆ అమ్మాయి అవ్వను చూసి ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. కళ్లు తుడుచుకుని ఆల్బమ్ ఎంతవరకు వచ్చిందో చూపించమంది. అవ్వ లేని పెళ్లి తెర మీద కనిపించింది. చిన్నాయన ఓపిగ్గా తన శుభం, అశుభం వివరించి, "దినం అయినాంక ఈ ఫోటోలు అశుభంలోకి మారుస్తామ్మా, నువ్వేం దిగులు పడొద్దు" అని భరోసా ఇచ్చాడు.

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. "మా అవ్వ నా పెండ్లికి నడుసుకుంటా వచ్చింది సార్. చచ్చిపోయి రాలేదు. నా పక్కన కూసున్న మనిషిని లేపేకి నువ్వెవరు? యాడ కూసున్నాదో ఆడ్నే కూసోబెట్టు."

నేను ఎన్ని నెలలుగానో అరుస్తున్నాను, ఆయన్ను కదిలించలేకపోయాను. ఆ మాటకు మాత్రం చిన్నాయన తల వంచుకుని నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "తీసుకోమ్మే, ఆయమ్మ చెప్పినట్లే పెట్టు" అన్నాడు. నేను ఒక్కొక్క ఫోటోనూ సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే పెళ్లిలోకి చేర్చాను. తాళి కట్టేచోట అవ్వ తిడుతూ వచ్చి కూర్చుంది, తలంబ్రాల దగ్గర తిడుతూ వచ్చి కూర్చుంది. ఒక్కచోట కూడా కుదరదని అనలేదు.

రేపట్నుంచి రానన్నాను కదా, మర్నాడు మామూలు వేళకే వెళ్లాను. ఇప్పుడు నాకు బీపీ మాత్రలున్నాయి, గొంతు పెంచితే మా అమ్మాయి నీళ్లగ్లాసు తెచ్చి ఎదురుగా పెడుతుంది. అప్పుడప్పుడు ఆ స్టూడియోలో చెమటలు కక్కుతూ మౌస్‌ను బల్లకేసి కొడుతున్న పిల్ల గుర్తొస్తుంది. ఎందుకే అంత కోపం అని పక్కన కూర్చుని అడగాలనిపిస్తుంది. అడిగితే నన్ను కూడా తిడుతుందని తెలుసు. ఆ తిట్లు ఒక్కసారి తినాలని ఉంది.