నల్లబల్ల మీది మూడో పేరు

చిత్తూరు శిక్షణ తరగతుల్లో నేనొక దొంగచదువును పట్టుకున్నానని నర్సులు ఇప్పటికీ చెప్పుకుంటారు. బట్టీ పట్టి వచ్చిన మంత్రసానిని మేడమ్ మూడు మాటలతో బయటపెట్టిందట. మెచ్చుకుంటూనే చెబుతారు, నా మంటంతా అందుకే. అది అబద్ధం. ఆమెకు చదవడం వచ్చు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు.

అప్పట్లో వయోజన విద్య జోరు మీద ఉండేది. తిరుపతిలో ఎమ్మే చదివాను, నోటికి ఎవరూ ఎదురు రారు. అందుకని, పెద్దవాళ్ళకు అక్షరాలు ఎలా చెప్పాలో పల్లెల్లో తిరిగే నర్సులకు నేర్పే పని నాకు అప్పజెప్పారు. "పెద్దవాళ్ళను 'మీరు' అనండి. వాళ్ళ బతుకులోంచే పాఠం తీయండి" అని పొద్దున గంటన్నర దంచాను. మధ్యాహ్నం పాఠం చెప్పి చూపించాలి. అందుకోసం కాణిపాకం దారిలోని ఒక పల్లె నర్సు, తన దగ్గర చదువుకుంటున్న మంత్రసానిని వెంటబెట్టుకొచ్చింది. నలభై దాటిన మనిషి. కాన్పుల పుస్తకంలో తన చేత్తో తానే రాయాలని ఆమె ఆశ.

"కాన్పు చేసేది నేను, రాసుకునేది నర్సమ్మ. యాడన్నా ఉండాదా ఈ న్యాయం?" అని అందరినీ నవ్వించింది.

నల్లబల్ల మీద మూడు మాటలు రాశాను. ఆమె పేరు, ఊరి పేరు, భర్త పేరు. బతుకులోంచి పాఠం కదా. మొదటి రెండూ టకటకా చదివింది. మూడో దాని దగ్గర ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎందుకు ఆగిందో తెలియనంత అమాయకురాలిని కాను. మా అమ్మ జన్మలో మా నాయన పేరు పలకలేదు. రేషన్ కార్డు ఆఫీసులో కూడా నన్ను ముందుకు తోసి చెప్పించేది. నేనేమో మా ఆయన్ని బస్టాండులో పేరు పెట్టి కేకేసే రకం. ఇలాంటివి వదిలించడానికే చదువని నా వాదం.

"చదవమన్నాను గానీ, పిలవమనలేదే" అన్నాను.

"అదెట్లమ్మా? రెండూ నోటితోనే కదా."

గదంతా నవ్వింది. ఆమె మాట నా మాటకంటే పదునుగా ఉండటం ఓర్వలేకపోయాను. "అయితే చదవడం రాదని ఒప్పుకో" అన్నాను. పొద్దున 'మీరు' అనమని చెప్పిన నోరే అది.

ఆమె నోటి మీంచి కొంగు తీసి, పలక చేతిలోకి తీసుకుంది. "రాదులేమ్మా."

"చూశారా? బట్టీ పడతారు. కొత్త మాట ఇస్తేగానీ బయటపడదు" అని నర్సుల వైపు తిరిగాను. వాళ్ళు బుద్ధిగా రాసుకున్నారు.

డస్టర్ తీసి ఆమె పేరు తుడిచాను. ఊరి పేరు తుడిచాను.

"మూడోది తుడిపేయాకమ్మా" అంది వెనకనుంచి. "మనిషి బాగుండాడు."

అందరూ విన్నారు. అక్కడ ఆగితే తప్పు నాదని ఒప్పుకున్నట్టే. తుడిచేశాను.

ఆమె పలక సంచిలో పెట్టుకుని, నర్సు కోసం కూడా ఆగకుండా బస్సుకు వెళ్ళిపోయింది. మళ్ళీ చదువుకు రాలేదని, కాన్పుల పుస్తకం ఊసే ఎత్తడం లేదని నెల తరువాత నర్సు చెప్పింది. "తీసుకొచ్చినదానివి, నువ్వైనా ఒక మాట అనకపోయావా?" అని ఆ పిల్లనే దబాయించాను.

"మీరు ఒకరి మాట వింటారా మేడమ్?" అంది.

ఆ వారమే ఇన్‌లాండ్ లెటర్ కొని, ఆమెకు క్షమాపణ రాశాను. పెద్ద అక్షరాలతో, ఒత్తులు తగ్గించి, విడివిడిగా. మడిచి అంటించి, పైన మాత్రం నర్సు పేరు రాశాను. ఆమెకు చదివి వినిపించమని లోపల చివర్న నర్సుకొక మాట అప్పటికే రాశాను. పోస్టు డబ్బాలో పడ్డాకగానీ ఏం చేశానో తెలియలేదు. చదవగలదని నాకు బాగా తెలిసిన మనిషికి ఇంకొకరి నోటితో క్షమాపణ పంపాను.

జవాబు రాలేదు. నర్సు ఎక్కడికో బదిలీ అయింది. ఆ ఉత్తరం నర్సు చదివి వినిపించిందా, లేక ఆమె చేతికిచ్చి ఊరుకుందా?