క్లోమంలో రాళ్లు, కరుణమ్మ గారి నమ్మకం

పక్కింట్లో ఉలవచారు మరుగుతోంది. ఆ వాసన ప్రహరీ దాటి వచ్చిందంటే చాలు, నోరూరుతుంది, చెయ్యి మాత్రం పొట్ట మీదికి పోతుంది. వెంటనే డాక్టర్ కరుణమ్మ గారు గుర్తొస్తారు. ఆగిరిపల్లిలో రెండు గదుల్లో ఉండేది ఆవిడ ఆసుపత్రి. ఇప్పుడావిడ లేరు. నా ప్రాణం నిలబెట్టారని అందరూ అంటారు. నా పరువు నిలబెట్టారంటాను నేను.

నేను మామిడి తోటలు కౌలుకు పట్టి బతికినవాణ్ణి. బడికి పోలేదు, పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నాను. కల్లు గానీ సారా గానీ నాలిక్కి తగలనివ్వలేదు. అయినా అన్నం తిన్న కాసేపటికి పైకడుపులో నొప్పి మొదలై వీపులోకి పొడుచుకుపోయేది. చూసిన ప్రతి డాక్టరూ "ముందు తాగుడు మానెయ్యి" అన్నవాడే. తాగనండీ అంటే నవ్వేవాడు. ఊళ్లోనూ అదే నవ్వు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తాగనివాడు తాగలేదని సాక్ష్యం ఎక్కణ్ణుంచి తెస్తాడు?

కరుణమ్మ గారూ అదే అడిగారు. "తాగుతారా?"

"లేదమ్మా."

"సరే. నొప్పి వీపులోకి పాకుతుందా?"

నేను నవ్వు కోసం ఎదురుచూశాను. రాలేదు. "నమ్మేశారా అమ్మా?" అన్నాను.

"నమ్మనప్పుడు అడగడం దేనికండీ? తాగనివాళ్లకీ వస్తుందీ జబ్బు. స్కాన్ తీయిద్దాం."

తిన్నది అరగడానికి రసాలు పంపే గ్రంథి క్లోమం. దాని గొట్టంలో రాళ్లున్నాయని తేలింది. రాళ్లన్న మాట చెవిన పడగానే మా బావమరిది సుబ్బారావు వైద్యుడైపోయాడు. "ఉలవచారుకి కిడ్నీ రాళ్లే కరుగుతాయి బావా, ఇవో లెక్కా?" అన్నాడు. మా వైపు ఉలవచారులో మీగడో వెన్నో వెయ్యకపోతే మర్యాద కాదు. పూటపూటా గిన్నెడు పోశారు, తాగాను. చివరికి తోటలోనే మెలికలు తిరిగి పడిపోతే ఆటోలో వేసుకుని ఆవిడ దగ్గరికి తీసుకెళ్లారు.

ఇంజెక్షన్ చేసి, ఆవిడ సుబ్బారావు వైపు తిరిగారు. "మీ బావగారి మీద పాత కక్షలేమైనా ఉన్నాయా?"

"రాళ్లు కరుగుతాయని గదండీ!"

"ఇవి సున్నపురాళ్లయ్యా. మీ చారు వాటి దగ్గరికే పోదు. ఒంట్లోకి పోయిందల్లా వెన్న. ఆ కొవ్వు అరగడానికి రసం పంపాల్సిన గ్రంథే గదా చెడింది!"

తర్వాత నా మంచం మీద కూర్చున్నారు. "వీటిని మందుతో కరిగించాలని పెద్ద పెద్ద డాక్టర్లే తంటాలు పడుతున్నారు. అది కుదిరేదాకా మీరు ఆగలేరు. పెద్దాసుపత్రిలో బయటినుంచి తరంగాలతో కొట్టి రాళ్లని పిండి చేస్తారు. నోట్లోంచి గొట్టం దింపి ఊడ్చేస్తారు. వెళ్తారా?"

"మళ్లీ తోటలో నిలబడతానా అమ్మా?"

"నిలబడాలనేగా పంపిస్తోంది."

వెళ్లాను. విడతలు విడతలుగా కొట్టారు, ఊడ్చారు. తిరిగొచ్చి కొత్త స్కాన్ చేతికిస్తే ఆవిడ వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. బయట బెంచీల నిండా జనం.

"గొట్టం శుభ్రంగా ఉంది!" అన్నారు. గొంతు ఇంకా పెంచారు. "ఇంకోటి కూడా వినండి. ఈయన ఏనాడూ తాగలేదు. తాగుబోతన్నవాళ్లెవరైనా ఉంటే లేవండి."

సుబ్బారావు ఒక్కడే సగం లేచాడు. "నేనో మాటు అన్నానండీ. కోపంలో."

బెంచీల మీదివాళ్లంతా గొల్లున నవ్వారు. ఆ నవ్వులో మొదటిసారి నేనూ కలిశాను.

రాళ్లు పోయినా జబ్బు పోలేదని, కొవ్వు తగ్గించి అన్నంతోపాటు అరుగుదలకి క్యాప్సూల్ వేసుకోమని ఆవిడ హెచ్చరించారు. నేటికీ ఆ మాట తప్పలేదు. ఆ ఏడు కాపుకి తోటలో కూర్చుని కడుపారా అన్నం తిన్నాను. నొప్పి వస్తుందని కాసుకు కూర్చున్నాను. రాలేదు. లేచి, కాయ కోతకు కేకేశాను.

మొన్న ఎండాకాలం విస్సన్నపేట తోటలో కోత కూలీ వెంకన్న కడుపు పట్టుకుని కూలబడ్డాడు. "రాత్రి గట్టిగా బిగించుంటాడు" అని పక్కవాళ్లు నవ్వారు.

"వాణ్ణి అడిగారట్రా?" అని అరిచాను. పక్కన కూర్చుని నేనే అడిగాను. "తాగుతావా?"

"లేదు బాబాయ్. ఒట్టు."

"ఒట్టెందుకురా? లేదన్నావుగా," అని ఆటో పిలిచాను.