డోర్కాసమ్మ ఆపిల్ రొట్టె

కరోనా రెండోసారి వచ్చిన ఏడాది ఎండాకాలంలో డోర్కాసమ్మకు జ్వరం తగిలింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, నీరసం కూడా మెల్లగా వదిలింది. వాసనలు మాత్రం తిరిగి రాలేదు.

మొదట్లో ఆమె పట్టించుకోలేదు. అందరికీ అలాగే అవుతోంది, నెలకో రెండు నెలలకో వచ్చేస్తుందనుకుంది. వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం వంటింట్లో దాల్చిన చెక్క పొడి డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ తెలియలేదు. గట్టిగా పీల్చింది. తుమ్ము వచ్చింది గానీ వాసన రాలేదు. బషీర్‌బాగ్‌లో డాక్టరు దగ్గరికి ఒక్కతే వెళ్ళింది. "రావచ్చు, రాకపోవచ్చు. మనసులో పెట్టుకోకండమ్మా" అన్నాడాయన. ఆమె మనసులోనే పెట్టుకుంది. భర్త హెన్రీకి కూడా చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం ఆమె చేసే ఆపిల్ రొట్టె.

డోర్కాసమ్మది మెదక్. తండ్రి అక్కడ మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. చదువు కాగానే రైల్వేలో ఉద్యోగం దొరికి, చాలా ఏళ్ళు నాంపల్లి స్టేషన్ టికెట్ల కౌంటర్‌లో కూర్చుంది. అద్దంలో చేయి పట్టేంత కంత. అందులోంచి వచ్చే చేతులు, డబ్బులు, అరుపులు. టికెట్ అందుకున్నవాళ్ళు బండి వెళ్ళిపోతుందని పరుగెత్తేవాళ్ళే తప్ప లోపల కూర్చున్న మనిషిని చూసినవాళ్ళు తక్కువ. హెన్రీ అబిడ్స్ వెనక సందులో ఒక ప్రెస్సులో మెషీన్ మీద పనిచేసేవాడు. మాట తక్కువ మనిషి. నాంపల్లిలోనే చాపెల్ రోడ్డు దగ్గర మూడో అంతస్తులో ఫ్లాటు, జాబెజ్ అని ఒక్కడే కొడుకు, ఆదివారం గుడి. అంతే వాళ్ళ జీవితం.

ఆ రొట్టె ఆమెకు నేర్పింది లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ ముసలావిడ, తోటి ఉద్యోగి తల్లి. ఈస్టు వేసి పులియబెట్టే పని లేదు. గుడ్లు, వెన్న, చక్కెర గిలక్కొట్టి, మైదా, సోడా, దాల్చిన చెక్క పొడి జల్లించి కలిపి, తురిమిన ఆపిల్, చితక్కొట్టిన అక్రోట్ పలుకులు వేసి ఓవెన్‌లో పెట్టడమే. వినడానికి తేలికే. కానీ డోర్కాసమ్మ చేతిలో అది వేరేగా కుదిరేది. సగం చక్కెర తీసేసి బెల్లం వేసేది. మొజంజాహీ మార్కెట్ బండ్ల మీద తియ్యటి ఆపిల్స్ వదిలేసి కాస్త పులుపున్నవి ఏరుకునేది. దాల్చిన చెక్క కోసం ఉస్మాన్‌గంజ్ దాకా వెళ్ళి, గోనెసంచుల ముందు వంగి ఒక్కో ముక్కా విరిచి వాసన చూసి మరీ కొనేది.

శనివారం మధ్యాహ్నం ఆ రొట్టె కాలుతుంటే కింది అంతస్తు వాళ్ళు మెట్ల మీద ఆగి, "డోర్కాసమ్మా, అయిందా?" అని కేకేసేవాళ్ళు. రిటైరయ్యాక ఆ పిలుపే ఆమెకు పెద్ద సంతోషం. గుడిలో ఎవరింట్లో బాప్తిస్మం జరిగినా, పుట్టినరోజు వచ్చినా ముందు ఆమెనే అడిగేవాళ్ళు. వాసన తెలియదని చెబితే ఇక ఎవరడుగుతారు? అందుకే నోరు మెదపలేదు.

నాలుక మీద తీపి, ఉప్పు, పులుపు, చేదు తెలిసేవి. మిగతాది ఆమె కళ్ళతో, చేతులతో నడిపించింది. రంగు చూసేది, పైన వేలితో నొక్కి చూసేది, పుల్ల గుచ్చి తీసి చూసేది. తిన్నవాళ్ళు ఎప్పటిలాగే "మంచిగుంది" అనేవాళ్ళు. అలా రెండేళ్ళు గడిచాయి.

ఆ తర్వాత జాబెజ్‌కు పెళ్ళయింది. కోడలు స్టెఫీది నర్సాపురం. లక్డీకాపూల్‌లో ఒక హోటల్లో అకౌంట్స్ చూసేది. ఏదనిపిస్తే అది ముఖాన అనేసే పిల్ల. మొదటివారంలోనే "అత్తయ్యా, ఈ చీర మీకు నప్పలేదు, ఆ నీలంది కట్టుకోండి" అంది. డోర్కాసమ్మకు ముందు ఒళ్ళు మండింది గానీ, నీలంది కట్టుకుని గుడికి వెళితే నలుగురూ బాగుందన్నారు. ఆనాటి నుంచి ఆ పిల్ల మీద ఇష్టం కుదిరింది. శనివారాలు ఇద్దరూ వంటింట్లో కింద కూర్చుని ఆపిల్స్ చెక్కు తీసేవాళ్ళు. స్టెఫీ తురుముతూ తురుముతూ సగం నోట్లో వేసుకునేది. "మా అమ్మకి కేకంటే బేకరీదే అత్తయ్యా. ఇలాంటిది నేనెప్పుడూ తినలేదు" అనేది. ఆ మాట ఉత్తుత్తిగా అన్నది కాదని డోర్కాసమ్మకు తెలుసు.

గుడిలో స్నేహితురాలు ఆగ్నెస్ కూతురికి నిశ్చితార్థం కుదిరింది. "అక్కా, నీ రొట్టె లేకుంటే నా బిడ్డ ఫంక్షన్‌ల ఏమున్నట్టు?" అని ఆగ్నెస్ వచ్చి అడిగితే డోర్కాసమ్మ పొంగిపోయింది. ముందురోజు పొద్దున్నే మొదలుపెట్టింది. అక్రోట్లు తక్కువ పడితే అల్మరా పైఅరలో నిరుడు క్రిస్మస్‌కు తెచ్చి మరిచిపోయిన డబ్బా కనిపించింది. ఎండాకాలమంతా అక్కడే ఉంది. పలుకులు చూడటానికి బాగానే ఉన్నాయి. పురుగు లేదు, బూజు లేదు. అన్నీ వేసేసింది.

సాయంత్రం ఆగ్నెస్ రొట్టెలు తీసుకుపోవడానికి వచ్చింది. హెన్రీ పేపరు చదువుకుంటున్నాడు. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన స్టెఫీ బ్యాగు కింద పెట్టకుండానే ఒక ముక్క కోసి నోట్లో పెట్టుకుంది. రెండోసారి నమల్లేదు. చేతిలోకి ఉమ్మేసింది.

"అత్తయ్యా, ఇవి పంపొద్దు. అక్రోట్లు పాడైపోయాయి. పాత నూనె కంపు కొడుతోంది."

డోర్కాసమ్మ ఒక ముక్క తుంచి తిన్నది. తియ్యగా ఉంది, మెత్తగా ఉంది. అంతకు మించి ఆమెకేమీ తెలియలేదు. తెలియదన్న సంగతి ఆగ్నెస్ ముందు బయటపడుతుందేమోనని భయమేసింది. ఆ భయమే కోపమైంది.

"కంపేంది? పొద్దటిసంది నేనే చేస్తున్న. నాకు రాని కంపు నీకెట్ల వచ్చింది?" అంది. భర్త వైపు తిరిగి, "జాబెజ్ డాడీ, జర తిని చెప్పుండ్రి" అంటూ ముక్క చేతిలో పెట్టింది.

హెన్రీ తిన్నాడు. మెల్లగా నమిలి మింగాడు. "మంచిగనే ఉంది" అన్నాడు.

ఆగ్నెస్ కూడా చిన్న ముక్క నోట్లో వేసుకుని, "ఔ అక్కా, మంచిగుంది" అంది.

"విన్నవా?" అంది డోర్కాసమ్మ కోడలితో. "వచ్చి ఏడాది కాలే, నా చేతి రొట్టెకు వంకలు పెట్టేదానివైతివి. నలుగురు నన్ను మెచ్చుకుంటే నీకు కండ్లమంటనా?"

"అది కాదత్తయ్యా, రేపు అంతమంది ముందు మీరు..."

"చాలు. ఇంకోపాలి నా రొట్టె గురించి మాట్లాడకు."

స్టెఫీ ముఖం ఎర్రబడింది. గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆగ్నెస్ రొట్టెలు సర్దుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు నిశ్చితార్థం బాగా జరిగింది. భోజనాలయ్యాక డోర్కాసమ్మ హాల్లో ప్లేట్లు తీసేవాళ్ళకు సాయం పట్టింది. అప్పుడు చూసింది. కుర్చీల కింద, కిటికీ గట్ల మీద, కాగితపు ప్లేట్లలో తన రొట్టె ముక్కలు. ఒక్కొక్కటి ఒక్కసారి కొరికి వదిలేసినవే. కొందరు పేపరు నాప్‌కిన్‌లో చుట్టి దాచారు. చిన్నపిల్లలైతే నోట్లోంచి తీసి ప్లేట్లోనే పెట్టేశారు. ఆ ప్లేట్లన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఎవరూ చూడకముందే చెత్త సంచిలో వేసింది. వెళ్ళేటప్పుడు ఆగ్నెస్ ఆమె చేతులు పట్టుకుని, "అందరూ నీ రొట్టె మంచిగుందన్నరక్కా" అంది.

ఇంటికొచ్చి చీర మార్చుకోకుండానే హెన్రీని అడిగింది.

"నిన్న మీకు కంపు వచ్చిందా లేదా?"

"వచ్చింది."

"మరెందుకు చెప్పలే?"

"నువ్వు బాధపడ్తవని. నీకు వాసన తెల్వదని నాకు ఎప్పటిసందో ఎరుకనే డోర్కాస్. పాలు మాడినా నువ్వు లేవకపోతివి కదా. నువ్వే చెప్తవని ఊకున్న."

"గా పిల్ల ముందు నన్ను తప్పని అనుంటే ఏమైతుండె?"

"గా పిల్ల చెప్పనే చెప్పింది కదా" అన్నాడు హెన్రీ.

ఆ రాత్రే కోడలి గది తలుపు తట్టాల్సింది. పొద్దున క్షమించమని అడుగుదాంలే అనుకుంది. పొద్దున స్టెఫీ ఎప్పటిలాగే టీ పెట్టి ఇచ్చింది, నవ్వుతూ వెళ్ళొస్తానంది. ఆ నవ్వు చూశాక డోర్కాసమ్మ, పిల్ల మరిచిపోయిందేమో, తానెందుకు మళ్ళీ తవ్వడం అని తనకు తానే సర్దిచెప్పుకుంది. శనివారం వచ్చింది. ఆపిల్స్ ముందు పెట్టుకుని కూర్చుంటే, స్టెఫీ ఆఫీసు పనుందని ల్యాప్‌టాప్ తెరిచింది. తర్వాతి శనివారమూ అంతే. డిసెంబరు దాటాక జాబెజ్, "మమ్మీ, స్టెఫీకి ఆఫీసుకు దగ్గరైతదని లక్డీకాపూల్‌ల ఇల్లు కిరాయికి తీసుకున్నం" అన్నాడు. నాంపల్లి నుంచి లక్డీకాపూల్ ఎంత దూరమని? అది ముగ్గురికీ తెలుసు. ఎవరూ ఆ మాట అనలేదు.

వాళ్ళు వెళ్ళాక చాన్నాళ్ళు ఆమె ఓవెన్ ముట్టుకోలేదు. ఎవరైనా అడిగితే మోకాళ్ళ నొప్పులంది. వానాకాలం చివర్లో సిమ్లా ఆపిల్స్ వచ్చాయి. అప్పుడు ఒకరోజు గట్టిగా అనుకుని లేచింది. కోడలి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేయాలి, ఉట్టి చేతులతో వెళ్ళకూడదు. కొత్త అక్రోట్లు తెప్పించి హెన్రీ చేత వాసన చూపించింది. దాల్చిన చెక్క కూడా ఆయనే చూశాడు. పిండి కలుపుతున్నంతసేపూ మనసు ఆ ఇంట్లోనే ఉంది. ఏమని మొదలుపెట్టాలి, పిల్ల ఏమంటుంది, ఏడుపొస్తే ఎలా. రెండు రొట్టెలు కాల్చింది. ఎప్పటికన్నా కాస్త ఎర్రగా వచ్చాయి. మంచి రంగే అనుకుని, ఒకటి ఇంట్లో ఉంచి, ఒకటి గుడ్డలో చుట్టుకుని ఆటో ఎక్కింది.

స్టెఫీ తలుపు తీసి, "రండత్తయ్యా, ఒక్కరే వచ్చారా?" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. డోర్కాసమ్మ కూర్చోకుండానే చెప్పేసింది.

"స్టెఫీ, నాకు వాసన తెల్వదు బిడ్డా. కరోనా వచ్చినప్పటిసంది తెల్వదు. ఆనాడు నువ్వు చెప్పిందే నిజం. నేనే నిన్ను అనరాని మాటలన్న. నన్ను మాఫ్ చెయ్యి."

స్టెఫీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అయ్యో, ఇన్నాళ్ళూ ఒక్కరే మోశారా అత్తయ్యా! అదంతా నేనెప్పుడో మర్చిపోయాను" అంటూ ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. రొట్టె కోసి ఒక ముక్క తిన్నది. డోర్కాసమ్మ ఆమె ముఖం వైపే చూస్తోంది.

"ఎట్లుంది? నిజం చెప్పు."

"చాలా బాగుందత్తయ్యా" అంది స్టెఫీ. మిగతా ముక్క కూడా తినేసింది.

తిరిగి వచ్చేటప్పుడు డోర్కాసమ్మకు ఒళ్ళు తేలికైనట్టుంది. అసెంబ్లీ ముందు ట్రాఫిక్ ఆగిపోయినా విసుగు రాలేదు. ఇంటికి చేరగానే హెన్రీకి జరిగిందంతా చెబుతూ, ఇంట్లో ఉన్న రొట్టె కోసి తనూ ఒక ముక్క నోట్లో వేసుకుంది.

చేదు. సబ్బు కొరికినట్టు నాలుక గరగరలాడింది. మనసు ఎక్కడో పెట్టుకుని సోడా రెండుసార్లు వేసింది. అది తెలియడానికి ముక్కు అక్కర్లేదు. ఏ నాలుకకైనా తెలుస్తుంది.

హెన్రీ కూడా రుచి చూసి, ఈసారి ముక్క పక్కన పెట్టేశాడు. "చేదున్నది" అన్నాడు.

ఆమె వెంటనే ఫోన్ చేసింది. "స్టెఫీ, రొట్టె చేదున్నది కదనే. నువ్వెట్ల తిన్నవ్? నాకెందుకు చెప్పలే?"

"లేదత్తయ్యా, నాకేం చేదనిపించలేదు. బాగానే ఉంది. మీరేం బాధపడకండి" అంది స్టెఫీ. గొంతులో ఎంతో ప్రేమ ఉంది. హెన్రీ గొంతులో, ఆగ్నెస్ గొంతులో వినిపించేలాంటి ప్రేమే.

డోర్కాసమ్మ ఫోన్ పెట్టేసి సోఫాలో కూర్చుండిపోయింది. ఆ పిల్ల తనను క్షమించింది, అందులో అనుమానం లేదు. కానీ రొట్టె నోట్లోంచి ఉమ్మేసి, ఇవి పంపొద్దని అడ్డుపడిన పిల్ల మాత్రం మళ్ళీ రాదు. తాను నలుగురిలో నవ్వులపాలు కాకూడదనే ఆ పిల్ల అడ్డుపడిందని అప్పుడే తెలిసి ఉంటే!

ఇప్పుడు అంతా బాగానే ఉంది. నెలకు రెండు ఆదివారాలు గుడి అయ్యాక జాబెజ్, స్టెఫీ భోజనానికి వస్తారు. అత్తకు చీరలు తెస్తుంది స్టెఫీ, మందులు తెస్తుంది, మోకాళ్ళకు నూనె రాస్తుంది. పోయిన క్రిస్మస్‌కు డోర్కాసమ్మ మళ్ళీ రొట్టె చేసింది. సోడా కొలిచి వేసింది, అన్నీ హెన్రీ చేత చూపించింది. స్టెఫీ రెండు ముక్కలు తిని, "చాలా బాగుందత్తయ్యా" అంది.

"నిజంగనా?" అంది డోర్కాసమ్మ.

"నిజంగానే."

డోర్కాసమ్మ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. ఏమీ తెలియలేదు. ఇంకో ముక్క కోసి కోడలి ప్లేట్లో పెట్టింది.