బండి లేని రోజు

మా బావ తిరుపతిలో ట్రావెల్స్ నడుపుతాడు. బావ అంటే నా మేనమామ కొడుకు, చాలా ఏళ్లుగా నా మొగుడు కూడా. రేణిగుంట స్టేషన్లో దిగిన యాత్రికులను టెంపోలో ఎక్కించుకుని, చుట్టుపక్కల గుళ్లన్నీ ఒక్క పగటిపూటలో చూపించి, మళ్లీ అదే స్టేషన్లో రైలెక్కించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. తిరుచానూరు, శ్రీకాళహస్తి, కాణిపాకం, మధ్యలో ఎక్కడో భోజనం. ఏ గుడి ముందు బండి ఆపినా చెప్పే మాట ఒకటే. "అమ్మా, అరగంట. అరగంటలో బండి తావ ఉండాల." కాళహస్తిలో పూజ చేయించుకునేవాళ్లకు మాత్రం దయతలచి గంట ఇస్తాడు.

పెళ్లయిన కొత్తలో ఆయనే ఓనరు, ఆయనే డ్రైవరు. బండిలో ఒక సీటు మిగిలితే నన్ను ఎక్కించుకునేవాడు. మా హనీమూన్ అలా దఫదఫాలుగా, ఎవరో ఒకరి కుటుంబంతో కలిసి జరిగింది. ఆ లెక్కన నేను చూసినన్ని గుళ్లు మా వీధిలో ఎవరూ చూసి ఉండరు. కానీ ఏ గుడిలో ఏముందని అడిగితే చెప్పలేను. ఓనరు పెళ్లామే ఆలస్యంగా వస్తే మిగిలినవాళ్లను ఏ మొహం పెట్టుకుని తొందర పెడతాం? అందుకని అందరికంటే వెనక లోపలికి పోయి, అందరికంటే ముందు బయటికి వచ్చేదాన్ని. మా పుట్టిల్లు పూతలపట్టు. కాణిపాకం దారిలో బండి అక్కడ టీకి ఆగేది. అందరూ టీ తాగేలోపల నేను మా వీధిలోకి పరుగెత్తి, అమ్మను చూసి, ఆమె వండి చేతిలో పెట్టిన నిప్పట్ల పొట్లం అందుకుని, హారన్ వినబడగానే మళ్లీ పరుగు. కన్నతల్లిని కూడా ప్యాకేజీలోనే చూసుకున్నాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి మనిషి యూరప్ యాత్రకు ప్లాన్ వేస్తే ఎలా ఉంటుందో మీకు ముందే తెలియాలి.

బెంగుళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఎక్కడో చవగ్గా దొరికాయని చెన్నై నుంచి పారిస్‌కు, రోమ్ నుంచి చెన్నైకి విమానం టిక్కెట్లు కొనిచ్చింది. మధ్యలో ఖర్చంతా నేను వేసిన చీటీ డబ్బు. పిండి కొద్దీ రొట్టె కాబట్టి హాస్టళ్లలో పడుకోవాలి, రైళ్లలో తిరగాలి, అన్నం మనమే వండుకోవాలి అని ముందే అనుకున్నాం. ఏ ఊళ్లు చూడాలన్నది మాత్రం బావ తన చేతిలోకి తీసుకున్నాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని లేచేసరికి పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్, మిలాన్, వెనిస్, ఫ్లోరెన్స్, రోమ్ అని గుక్క తిప్పుకోకుండా చదివాడు.

"దీంట్లో సినిమా పాటల్లో సూపించే మంచుకొండ యాడుండాది బావా?" అన్నాను.

"రైల్లో పోతా ఉంటే దారిలో తగుల్తాది లే. కిటికీ సీటు నీకే."

"దిగేది లేదా?"

"దిగి ఏం జేస్తావు? మేడ మీదికి పోతే మనకు ఏడుకొండలూ ఊరకే కనబడతాయి. కొండ కింద ఉండేవోళ్లు కొండ సూసేదానికి దుడ్డు పెట్టి పోతారా ఎవురన్నా? దూరపు కొండలు నునుపు మే."

ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. మా ఊళ్లో ఎక్కడ నిలబడినా కొండ కనిపిస్తుంది. బట్టలు ఆరేసేటప్పుడు కనిపిస్తుంది, కరెంటు బిల్లు కట్టే క్యూలో కనిపిస్తుంది. కానీ ఎదురుగా కూర్చుని దాన్ని చూసిన రోజు ఒక్కటీ గుర్తు లేదు. ఎక్కడానికి, మొక్కు తీర్చుకోవడానికి, చుట్టాలను పంపడానికే గానీ, చూడడానికి మాకు కొండ ఎప్పుడు పనికొచ్చింది?

"నాకు ఒక్క రోజు కావాల," అన్నాను. "పొద్దున్నుంచి సందేళ దాకా. మంచుకొండ ఎదురుగా కూసోవాల. బండి తావకి రమ్మని నన్ను ఎవురూ పిలవకూడదు."

మాట బయటికి వచ్చాక గానీ అది నాకెంత కావాలో నాకే తెలియలేదు. బావ నన్ను ఎగాదిగా చూసి, ఎండదెబ్బ తగిలిందేమోనని ఫ్యాను పెంచి, మా అమ్మాయికి ఫోన్ చేశాడు. ఫోన్లో పంచాయితీ జరిగింది. బావ తన వాదన ఎంతో న్యాయంగా వినిపించాడు: ఒక రోజు కొండకిస్తే, పోయేదానికి ఒక పూట, వచ్చేదానికి ఒక పూట, మొత్తం రెండు నగరాలు గల్లంతు. అమ్మాయి అంతా విని, "నాయనా, చీటీ అమ్మది. కొండా అమ్మదే," అని తీర్పు చెప్పి ఫోన్ పెట్టేసింది.

బ్రస్సెల్స్, ఫ్లోరెన్స్ పోయాయి. ఫ్లోరెన్స్ సంగతి తొందరగానే మరిచిపోయాడు గానీ, బ్రస్సెల్స్ కోసం చాలా రోజులు బాధపడ్డాడు. ఆ వారానికి ముందు ఆ ఊరి పేరు కూడా ఎరగడు. అయినా తాతల నాటి చేను ఎవరో ఆక్రమించుకున్నట్టు, అన్నం తింటూ తింటూ ఆగి, "బ్రస్సెల్స్ పోయినాదే," అనేవాడు.

యూరప్‌లో దిగాం. పారిస్‌లో ఆ ఇనుప టవరు కింద నిలబడి బావ అలవాటు కొద్దీ, "అరగంట," అన్నాడు. ఇంకెవరికైనా చెబుతున్నాడేమోనని వెనక్కి తిరిగి చూశాను. నేనొక్కదాన్నే. పైకెక్కడానికి టిక్కెట్టు మా తాహతుకు మించింది కాబట్టి నేను కింద నుంచి మెడ వెనక్కి విరిచి చూస్తుంటే, ఆయన టూరిస్టు బస్సులు ఎక్కడ ఆపుతారో చూడడానికి పోయాడు. వచ్చి, "ఒక్కడన్నా హారన్ కొడతా ఉండాడా సూడు. బస్సు కడిగినట్టుండాది," అని ఎంతో తృప్తిగా చెప్పాడు. ఆయనకు పారిస్‌లో నచ్చింది అది. సాయంత్రం హాస్టల్ వంటగదిలో కుక్కర్ పెట్టి అన్నం, ఊరగాయ. టవరు ముందు దిగిన ఫోటోలు చూసి తిరుపతిలో మా ఆడపడుచు మేము రోజూ ఏ హోటల్లో తింటున్నామో అడిగింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

నగరాలు బాగాలేవని నేననను. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇళ్ల ముందే కాలువలు, వాటి మీద పడవలు, కిటికీల్లో పూలకుండీలు చూస్తే నాకు అక్కడే ఒక గది అద్దెకు తీసుకుని ఉండిపోవాలనిపించింది. కొలోన్‌లో స్టేషన్ బయటికి రాగానే ఒక పెద్ద చర్చి. లోపల రంగు అద్దాల మీద ఎండ పడి నేల మీద నీలం, ఎరుపు పరుచుకుని ఉన్నాయి. ఇంకాసేపు నిలబడాలని ఉంది. కానీ ఏం జరిగిందో తెలుసా? బావ ఇంకా లోపలే తలెత్తి చూస్తుండగా నేను బయటికి వచ్చేసి మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. ఎవరూ పిలవలేదు. నా కాళ్లే నన్ను తీసుకొచ్చాయి. నా మీద నాకే ఒళ్లు మండింది. కొండ దగ్గర కూడా ఇలాగే అయితే, ఇక ఈ జన్మకు నేను దేన్నీ చూసేది లేదని భయం కూడా వేసింది.

కొండ కోసం స్విట్జర్లాండ్‌లో మేము ఎంచుకున్న ఊరు గ్రిండెల్‌వాల్డ్. ఆ పేరు పలకడం వచ్చేసరికి మేము అక్కడి నుంచి వచ్చేశాం. వానలో దిగాం. మరుసటి రోజు నా రోజు. పొద్దున్నే లేచి, స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, పులిహోర డబ్బా, నీళ్ల సీసా సంచిలో పెట్టుకుని బయటికి వచ్చాను. కొండ పైకి పోయే రైలు టిక్కెట్టు మా చీటీ డబ్బుకు అందేది కాదు. పచ్చిక పక్కన ఒక బెంచీ ఉంది, అది ఉచితం. దానికి ఎదురుగానే కొండ అని హాస్టల్ ఆమె వేలు పెట్టి చూపించింది. ఆమె చూపించిన చోట తెల్లగా మబ్బు ఉంది. మబ్బు తప్ప ఏమీ లేదు.

"కొండ సెలవులో ఉండాదే," అన్నాడు బావ. ఆయన గొంతులో సంతోషం దాచుకోవడం ఆయనకు చేతకాలేదు.

నేను బెంచీ మీద కూర్చున్నాను. మెడలో గంటలు కట్టిన ఆవులు మా ముందు మేస్తున్నాయి. కాసేపు వాటిని చూశాం. బావ లేచి స్టేషన్ దాకా పోయి వచ్చి, మిలాన్‌కు ఇప్పుడొక రైలుందన్నాడు. కాసేపటికి మళ్లీ పోయి వచ్చి ఇంకొకటుందన్నాడు. రైలు పాస్ ఉంది కాబట్టి ఏది ఎక్కినా ఒకటేనట. సాయంత్రానికి మిలాన్ చేరితే అక్కడి పెద్ద చర్చి తీరిగ్గా చూడొచ్చట.

"తీరిగ్గా అంటే అరగంటేనా?" అన్నాను.

"ముప్పావు గంట," అన్నాడు.

"నువ్వు పో. నేను రోమ్‌లో కలుస్తాను."

దాంతో మళ్లీ స్టేషన్ వైపు పోలేదు. పులిహోర తిన్నాం. వాన చినుకులు పడితే గొడుగు తెరిచాం, ఆగితే మూశాం. మధ్యాహ్నం దాటింది. మబ్బు కదిలింది లేదు. నా బింకం కొద్దికొద్దిగా కరిగిపోవడం మొదలైంది. రెండు నగరాలు ఇచ్చి ఒక మబ్బు కొనుక్కున్న తెలివైనదాన్ని ప్రపంచంలో నేనే. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాం గానీ, మాకు ఎలుక కూడా దొరకలేదు. ఈ సంగతి తిరుపతికి పోయాక బావ ఎన్ని పెళ్లిళ్లలో, ఎంతమంది ముందు చెబుతాడో తలుచుకుంటే చెవులు వేడెక్కాయి. అన్నిటికంటే, లేకలేక ఒక రోజు అడిగితే అది కూడా ఇలా ఖాళీగా పోతోందనేదే పెద్ద బాధ. చివరికి సంచి సర్దాను.

"పోదాం బావా. రైలు ఉండాదన్నావు గదా."

ఆయన లేవలేదు. "సందేళ దాకా అన్నావు గదా."

"ఇంక ఏం కనబడేటట్టు లేదు."

"కనబడేది కనబడకపోయేది నా చేతిలో లేదు. ప్యాసింజరుకు ఇచ్చిన టైము ఇచ్చినట్టే. ముందుగా బండి తీసేది నా సర్వీసులో లేదు. కూసో."

పొద్దుటి నుంచి నన్ను లేపడానికి చూసిన మనిషే సంచి నా చేతిలోంచి తీసి అవతల పెట్టాడు. నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. కూర్చున్నాను. ఆయన కాళ్లు చాపుకుని, చేతులు కట్టుకుని, బెంచీకి వీపు ఆనించాడు. ఆయన ఎంత కుదురుగా ఎదురుచూడగలడో అప్పుడే చూశాను. నేను గుళ్లల్లో పరుగెత్తుతున్న ఆ గంటలన్నీ ఆయన బయట ఇలాగే కూర్చుని ఉంటాడని నాకు ఎప్పుడూ తట్టలేదు.

ఆ దేశంలో సాయంత్రం చాలాసేపు ఉంటుంది. మబ్బు ఎప్పుడు పలచబడిందో నేను గమనించలేదు. ముందు బాగా పైన, ఆకాశం ఉండాల్సిన చోట, ఒక రాయి కనిపించింది. అంత ఎత్తులో రాయేమిటా అనుకున్నాను. తర్వాత దాని పక్కన మంచు. దాని కింద ఇంకా రాయి, ఇంకా కింద ఇంకా రాయి. పొద్దుటి నుంచి నేను చూస్తున్న తెలుపు వెనకే, ఇంత దగ్గరగా, కొండ ఊరంతటి మీదా వంగి నిలబడి ఉంది. పైన మంచు మీద ఎండ పడి పసుపు రంగు పూసినట్టయింది. నేను దండం పెట్టలేదు, ఫోటో తీయలేదు. నా కాళ్లు కూడా లేవలేదు. పుట్టి బుద్ధెరిగాక నేను దేన్నీ అంతసేపు చూడలేదు. ఇంకా చూడొచ్చు, ఇంకా ఉంది, ఎవరూ అడగరు అనుకుంటుంటే ఒంట్లో ఎన్నాళ్ల నుంచో బిగించి పెట్టుకున్నదేదో వదులైంది.

చాలాసేపటికి బావ వైపు తిరిగాను. ఆయన కొండను చూడడం లేదు. నన్ను చూస్తున్నాడు.

"కొండ ఆడ ఉంటే నన్ను సూస్తావేంది బావా?"

కొంచెం సిగ్గుపడ్డాడు. "అలవాటు మే. ఇన్నేండ్లూ బండి తావ నిలబడి నేను సూసిందేముండాది, లోపలికి పోయొచ్చినోళ్ల మొకాలే గదా. కొందరు ఏడ్సుకుంటా వస్తారు. కొందరు సెప్పులు మరిసిపోయి వస్తారు. వాళ్లను సూస్తే మనం గూడా పోయొచ్చినట్టే ఉంటాది." మా మధ్య ఉన్న గొడుగు పక్కకు జరిపాడు. "నువ్వు మాత్రం ఎప్పుడూ రొప్పుకుంటా వచ్చేదానివి. ఆ మొకం నీకు ఒక్కసారన్నా లేదు. నేను దాన్ని సూడకపోలేదు. టైముకు వచ్చినావు లెమ్మని బండి తీసేవాణ్ని." నా వైపే చూస్తూ, "ఈ పొద్దు ఆ మొకం ఉండాది," అన్నాడు.

ఏడుపు ఆపుకోవడానికి ఆయన గడ్డం పట్టుకుని కొండ వైపు తిప్పాను. "నా మొకం రేపు గూడా ఉంటాది. మబ్బు రాకముందే అటు సూడు," అన్నాను. చూశాడు. నోరు కొంచెం తెరిచి చాలాసేపు చూశాడు. పసుపు పోయి ఎరుపు వచ్చింది, ఎరుపు పోయి బూడిద రంగు వచ్చింది. ఆవులు ఇళ్లకు పోయాయి. మమ్మల్ని ఎవరూ పిలవలేదు. కొండ కనబడనంత చీకటి పడ్డాక లేచి వచ్చాం.