టీవీ నిండాలని కాళ్లు కోసేశారు

మా చిన్నప్పుడు ఒక సినిమాలో మేమెవరం ముఖాలు చూసేవాళ్లం కాదు... కాళ్లు చూసేవాళ్లం. నవ్వకండి, నిజమే చెప్తున్నా. అది చెప్పడానికే ఇవాళ ఇంత కోపంగా కూర్చుని రాస్తున్నా.

సూరత్‌లో, అమ్రోలిలో మా గల్లీ అంతా మన తెలుగువాళ్లే. మగవాళ్లందరూ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాళ్లే. ఆదివారం వీసీఆర్ కిరాయికి తెచ్చి, తలుపుకు దుప్పటి అడ్డం కట్టి, ఒక్క గదిలో ఇరవై మందిమి ఇరుక్కుని కూర్చునేవాళ్లం. ఉన్న తెలుగు క్యాసెట్ ఒక్కటే... ఊరి నుంచి ఎవరో కాపీకి కాపీ తీయించి తెచ్చింది. బొమ్మంతా నీలంగా ఉండేది, మధ్యమధ్య గీతలు, మాటలు సగం గరగర. మా బాపు, అదే మా నాన్న, కొత్త నోటు మడిచి వీసీఆర్ హెడ్ తుడిస్తే కాసేపు బాగుండేది... మళ్లీ మామూలే.

కథ ఏమిటంటే... దేవలోకంలో గుమ్మం కాపలా కాసేవాడొకడు కాలు జారి భూమ్మీద పడతాడు. ఒక ముసలమ్మ ఇంట్లో అద్దెకు దిగుతాడు. చూడ్డానికి మనిషే గానీ కాళ్లు నేలకు ఆనవు... జానెడు పైన తేలుతుంటాయి. ముసలమ్మ కంటపడితే ఇల్లు ఖాళీ చేయాల్సిందే. అందుకని కాళ్లకు బరువుగా రుబ్బురోలు పొత్రాలు కట్టుకుంటాడు, పంచె నేల మీద ఈడ్చుకుంటూ తిరుగుతాడు. ఒకరోజు ఆవిడ వాకిలి నిండా ముగ్గేస్తే, పొత్రాలు కట్టుకోవడం మర్చిపోయి దాని మీదుగా దర్జాగా నడిచిపోతాడు... ముగ్గు చెదరదు! ఎంత ఒద్దికైన పిల్లాడో అని ఆవిడ మురిసిపోతుంది.

ఆ ముగ్గు దగ్గర మా బాపు నవ్వే నవ్వు చూడాలి... తొడ చరుచుకుని, కళ్లలో నీళ్లు తెచ్చుకుని, పక్కవాళ్ల మీద పడిపోయేవాడు. ఆ సినిమాలో ఆయనకు ఒక్క మాటా వినపడదు మరి. సాంచాల చప్పుడు అప్పటికే చెవులను తినేసింది. ఇంట్లో మేం ఏం చెప్పినా పెదాలు చూసి పట్టుకునేవాడు. సినిమాలో ఆ కాళ్లు చూసి నవ్వేవాడు. ఆయన్ను చూసి మేమూ కాళ్లే చూడటం నేర్చుకున్నాం.

తాపీ నది పొంగి నీళ్లు ఇంట్లోకి వచ్చిన ఏడాది ఆ క్యాసెట్ పోయింది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు ఈ మాయదారి కరోనా వచ్చింది. సాంచాలు ఆగిపోయాయి, మా గల్లీ గల్లీ అంతా సామాన్లు కట్టుకుని ఊళ్లకు పోయింది. అమ్మ అంతకుముందే తమ్ముడి దగ్గరకు వెళ్లి అక్కడే చిక్కుకుంది. ఒక్కడే మిగిలిన బాపును సూరత్‌లోనే అడాజన్‌లో మా ఫ్లాట్‌కు తెచ్చుకున్నాను. మా ఆయనది ఆసుపత్రిలో ఉద్యోగం... ఆ భయానికి ఇంట్లో కూడా బాపు ముందు మాస్కులు పెట్టుకునే తిరిగాం.

ఆయనకు మిగిలిందే మా పెదాలు. అవి కూడా మేమే మూసేశాం. రాసి చూపిద్దామంటే చదువు రాదు. మొదట్లో ఏమడిగినా కళ్లలోకి చూసి తల ఊపేవాడు... తర్వాత అదీ మానేశాడు. నెల తిరిగేసరికి ఇంట్లో బాపు గొంతే వినపడకుండా పోయింది. ఒక్కసారి ఆయన్ను నవ్వించాలి, ఒక్క మాట మాట్లాడించాలి... నా గోల అదే.

ఒక సాయంత్రం ఫోన్‌లో వెతుకుతుంటే ఆ సినిమా దొరికింది! సరికొత్త మెరుగులతో, తెర నిండా అని రాసి ఉంది. పరుగున వెళ్లి టీవీలో పెట్టాను. అబ్బో, ముసలమ్మ ముక్కుపుడకలో రాయి కూడా కనపడుతోంది. "ఎంత సాఫ్‌గున్నదో సూడు" అని మా ఆయన ఒకటే మెచ్చుకోలు. బాపు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నేను టీవీ చూడలేదు, బాపునే చూస్తున్నా.

ముగ్గు దగ్గరకు వచ్చింది... బాపు నవ్వలేదు.

తిరిగి చూస్తే ఏముంది... మోకాళ్ల దాకే మనిషి! కాళ్లు లేవు. ముగ్గు లేదు. ఎవడో అటు నుంచి ఇటు నడిచిపోయాడు, ముసలమ్మ ఊరికే మురిసిపోయింది. పాత సినిమా బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది కదా... ఇప్పటి వెడల్పు టీవీల్లో పక్కన నల్లపట్టీలు కనపడకూడదని పైనా కిందా కోసి పారేశారు. రిమోట్‌లో ఉన్న బొత్తాలన్నీ నొక్కాను. కోసేసిన కాళ్లు ఎక్కడి నుంచి వస్తాయి!

అప్పుడు అన్ని రోజుల తర్వాత మా బాపు నోరు విప్పాడు. "గిదేంది బిడ్డా... వాని కాళ్లేవి?"

మాస్కు కిందికి లాగి, పెదాలు కనపడేలా చెప్పాను. "కోసేసిండ్రు బాపూ."

"ఎందుకు?"

"టీవీ నిండాల్నని."

"టీవీ నిండితే... మరి నవ్వెట్ల రావాలె?"

బాపు లేచి కిటికీ దగ్గరకు వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవడయ్యా మిమ్మల్ని కోయమన్నది? కత్తెర పట్టుకున్నవాడు ఆ సినిమా ఒక్కసారైనా చూశాడా? అదే మాట కింద కామెంట్ పెడితే, మీ ఆదరణకు ధన్యవాదాలు అంటూ దండం బొమ్మ పంపారు. మీ దండం మీ దగ్గరే ఉంచుకోండి, మా కాళ్లు మాకివ్వండి అని రాశాను.

ఆ నీలి బొమ్మలో, ఆ గీతల్లో మా దగ్గర సినిమా మొత్తం ఉండేది. ఇప్పుడు అన్నీ తళతళా కనపడుతున్నాయి... మా బాపు నవ్విన చోటు తప్ప.

మీ చిన్నప్పటి సినిమాల్ని కూడా ఇలాగే కోశారా? చెప్పండి, కలిసి తిట్టుకుందాం. అంతకంటే ముందు ఒక్క మాట... మీలో ఎవరి ఇంట్లోనైనా, ఏ సందూకు అడుగునో ఆ పాత క్యాసెట్ ఉంటే నాకు చెప్పండి. బూజు పట్టినా సరే, గీతలున్నా సరే. మాటలు అసలు వినపడకపోయినా ఫర్వాలేదు... కాళ్లు కనపడితే చాలు.