పరీక్ష ఆదివారమే రిలీజ్

2022లో మా కోచింగ్ సెంటర్ కొత్తగూడ చౌరస్తా దగ్గర ఒక బిల్డింగ్ రెండో అంతస్తులో ఉండేది. బయట ఫ్లైఓవర్ పని ఇంకా నడుస్తోంది. కిటికీలు మూస్తే ఉక్క, తెరిస్తే డ్రిల్లింగ్ మోత. ఆ మోతలోనే శని, ఆదివారాలు పొద్దున పూట నేను క్యాట్ రాసేవాళ్ళకు లెక్కలు చెప్పేవాణ్ణి. పేరున్న మేనేజ్‌మెంట్ స్కూళ్ళలో ఎంబీఏ సీటు కోసం రాసే పరీక్ష అది. ఏడాదికి ఒక్కసారే, నవంబరు ఆఖర్లో ఒక ఆదివారం పెడతారు. ఆ రోజు తప్పితే మళ్ళీ ఏడాది ఆగాల్సిందే.

నాది వీకెండ్ బ్యాచ్, అంటే ఉద్యోగాలు చేసుకుంటూ చదివేవాళ్ళది. అందరూ మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల వాళ్ళే. మెడలో ఐడీ కార్డు తీసి జేబులో వేసుకుని మరీ లోపలికి వస్తారు. క్యాట్ రాస్తున్నట్టు ఆఫీసులో తెలిస్తే 'వీడు వెళ్ళిపోయేవాడు' అని ముద్ర వేస్తారనీ, ఆ ఏడు ప్రమోషన్ రాదనీ వాళ్ళ భయం. ఆ భయంలో నిజం లేకపోలేదు.

క్లాసు మొదలైన కొత్తలో నాకో అలవాటు ఉంది. లెక్కలు బాగా వచ్చినవాళ్ళ పక్కన రానివాళ్ళను కూర్చోబెడతాను. ఆ ఏడు మౌనిక అనే అమ్మాయి పక్కన శ్రీధర్ గారిని కూర్చోబెట్టాను. మౌనికది సిద్దిపేట దగ్గరి ఊరు. ఇరవై తొమ్మిదేళ్ళుంటాయి. శాతాలు, వేగం-దూరం లెక్కలు కాగితం ముట్టకుండా చేసేది. శ్రీధర్ గారిది రాజమండ్రి. నలభైకి దగ్గర పడుతున్న మనిషి, మర్యాదస్తుడు. ఇంగ్లీషు పేరాలు ఇస్తే గబగబా చేసేస్తారు, లెక్క ఇస్తే చెమటలు పడతాయి.

“మీరిద్దరూ ఒకరికొకరు తెలుసా?” అని మామూలుగా అడిగాను.

“లేదండీ,” అన్నారాయన. “తెల్వదు సార్,” అంది మౌనిక. ఇద్దరూ ఒకేసారి అన్నారు. నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఆగస్టులో మాక్ టెస్ట్ పెట్టాను. అసలు పరీక్షలాగే గడియారం చూసి రాయించే నమూనా పరీక్ష అది. సగం అయిందో లేదో మౌనిక ఫోను గుర్రుమంది. మరుక్షణమే పక్క కుర్చీలో శ్రీధర్ గారి ఫోనూ గుర్రుమంది. ఇద్దరూ లేచి బ్యాగులు పట్టుకుని ఒకే తలుపులోంచి పరుగు తీశారు. మెట్ల మీద ఆయన గొంతు వినిపించింది: “మౌనికా, నువ్వు డేటాబేస్ చూడు, నేను క్లయింట్‌తో మాట్లాడతా!”

క్లాసంతా గొల్లుమంది. తర్వాతి వారం ఇద్దరూ తలలు వంచుకుని వచ్చి అసలు సంగతి చెప్పారు. ఆయన మేనేజరు, ఆమె ఆయన టీములోనే పని చేస్తుంది. ఎక్కడో విదేశంలో ఉన్న ఒక ఇన్సూరెన్స్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు వీళ్ళది సపోర్ట్ టీమ్. అది ఆగిపోతే మళ్ళీ లేపడం వీళ్ళ పని. మొదటి రోజు ఒకరినొకరు ఇక్కడ చూసుకుని, ఆఫీసులో తెలుస్తుందనే భయంతో తెలియదని చెప్పేశారట.

“ఐదేండ్ల నుంచి ఎవరో రాసిన ప్రోగ్రామ్ పడిపోతె లేపుతనే ఉన్న సార్,” అంది మౌనిక నవ్వుతూ. “ఏ ప్రోగ్రామ్ తయారు చెయ్యాల్నో చెప్పే దిక్కు పోవాలని ఉన్నది.”

శ్రీధర్ గారి కారణం వేరు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఎంబీఏ చేసి వచ్చి ఆయనకే బాసులయ్యారు. పోయినేడు ఒకసారి రాశారు, రాలేదు. ఇంకొక్కసారి రాసి ఆపేస్తానని భార్యకు మాటిచ్చారు.

ఆ తర్వాత రెండు నెలలు వాళ్ళను చూడటం నాకు సరదాగా ఉండేది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆయన చెప్పింది ఆమె చేస్తుంది. శనివారం పొద్దున ఆమె “గట్ల కాదు, మల్ల చెయ్యుండ్రి,” అంటే ఆయన బుద్ధిగా కొట్టేసి మళ్ళీ మొదలుపెడతారు.

అక్టోబరులో ఒక ఆదివారం క్లాసయ్యాక అందరూ వెళ్ళిపోయారు. వీళ్ళిద్దరే మిగిలారు. నేను బోర్డు తుడుస్తున్నాను.

“శ్రీధర్ గారూ, రిలీజ్ రోస్టర్ చూసిన. పరీక్ష రోజు నా పేరు పెట్టిండ్రు.”

రోస్టర్ అంటే ఏ రోజు ఎవరి డ్యూటీయో రాసిన పట్టిక. రిలీజ్ అంటే తయారు చేసిన కొత్త మార్పులను నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం. క్లయింట్‌కు పని ఉండదు కాబట్టి ఆదివారాలు చేస్తారు. ఆ రోజు ఎవరో ఒకరు పొద్దుటి నుంచి చీకటి పడేదాకా కుర్చీలోంచి కదలకూడదు.

“ఆ డేటు క్లయింట్ ఇచ్చాడు మౌనికా. మార్చడం నా చేతుల్లో లేదు.”

“డేటు సంగతి అడుగుతలేను. పేరు సంగతి అడుగుతున్న.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఆ సిస్టమ్ మొత్తం తెలిసింది మనిద్దరికే కదా. నువ్వో నేనో ఉండాలి. నీకు వయసుంది, వచ్చే ఏడు రాసుకోవచ్చు. నాకు ఇదే ఆఖరు.”

“నాకు వచ్చే ఏడు ఉన్నదని మీకెవలు చెప్పిండ్రు?”

ఆమె గొంతు పెంచలేదు. భర్త గురించి అప్పుడు చెప్పింది. ఆయన బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వాళ్ళకు రెండేళ్ళ పాప. మౌనిక పొద్దున క్లాసుకు వస్తే పాపను చూసుకోవడానికి ఇంట్లో ఉండాలని, బ్యాచ్ మొదలైనప్పటి నుంచి అడిగి మరీ నైట్ షిఫ్టు చేస్తున్నాడు. “కండ్లు గుంజుకపోయినయ్ ఆయనకు. ఇంకో ఏడాది గిట్లనే చెయ్యమని ఏ మొఖం పెట్టుకొని అడగాలె?”

శ్రీధర్ గారు నా వైపు తిరిగారు. “మీరే చెప్పండి సార్.”

“ఇది నేను చెప్పే లెక్క కాదండీ,” అన్నాను. “మీ పైవాళ్ళకు తెలుసా, మీరిద్దరూ పరీక్ష రాస్తున్నట్టు?”

ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. మౌనిక బ్యాగు భుజాన వేసుకుంది. “రేపు నేను పోయి చెప్త. నా ఒక్కదాని సంగతే చెప్త. మీ పేరు ఎత్తను, ఫికర్ చెయ్యకుండ్రి.”

తర్వాత జరిగింది శ్రీధర్ గారు నాకు చెప్పారు. సోమవారం మౌనిక డెలివరీ హెడ్ క్యాబిన్‌లోకి వెళ్ళింది. వాళ్ళ ప్రాజెక్టులన్నిటికీ ఆ హెడ్ మేడమే పెద్ద. మౌనిక చెప్పిందంతా విని, “రోస్టర్ మీ మేనేజర్ చూసుకుంటారు, ఆయనతో మాట్లాడుకోండి,” అని పంపేశారట.

“బయటికొచ్చి తన సీట్లో కూర్చుంది సార్. నా వైపు చూడను కూడా లేదు. మామూలుగా పని చేసుకుంటోంది. ఇంక ఆఫీసులో తనకు వెళ్ళిపోయే మనిషని పేరు పడినట్టే. నా పేరు కూడా చెప్పేస్తే సగం తప్పు నా మీదికి వచ్చేది. చెప్పలేదు. నాకు ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు. బాక్సు మూసేసి నేనూ లోపలికి వెళ్ళి, నేను కూడా రాస్తున్నానని చెప్పేశాను.”

ఆవిడ తేల్చి చెప్పింది ఇదీ. పరీక్ష పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అని మూడు స్లాట్లలో జరుగుతుంది. ఎవరికి ఏ పూటో హాల్‌టికెట్ వస్తేగానీ తెలియదు. వేర్వేరు పూటలు పడితే రోజును పంచుకోండి. ఇద్దరికీ ఒకే పూట పడితే మేనేజరు కాబట్టి శ్రీధరే ఉండాలి.

“ఒప్పుకున్నారా?” అని అడిగాను.

“ఒప్పుకున్నానండీ. నిజం చెప్పాలంటే ఆ రోజు నుంచి హాల్‌టికెట్ వచ్చేదాకా నాకు నిద్ర లేదు.”

హాల్‌టికెట్లు వచ్చాయి. ఆయనకు పొద్దున స్లాటు, ఘట్‌కేసర్ అవతల ఒక కాలేజీలో. ఆమెకు మధ్యాహ్నం స్లాటు, గండిపేట వైపు. ఆయన రాసి వచ్చి కూర్చుంటే ఆమె లేచి వెళ్ళాలి. క్లాసులో ఆ సంగతి చెప్పినప్పుడు ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు.

పరీక్ష రోజు రిలీజ్ తిన్నగా సాగలేదు. ఎక్కించిన కాసేపటికే పాలసీల లెక్కలు తప్పుగా రావడం మొదలైంది. క్లయింట్ మనుషులు ఫోన్‌లో ఉన్నారు. మౌనిక ఒక్కతే సమాధానాలు చెబుతోంది. శ్రీధర్ గారు పరీక్ష రాసి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా తిన్నగా ఆఫీసుకు వచ్చారు. మధ్యలో టీ కూడా తాగలేదట. వచ్చేసరికి మౌనిక నిలబడే మాట్లాడుతోంది, హాల్‌టికెట్ కీబోర్డు పక్కన పెట్టుకుని.

ఆయన కూర్చోగానే ఏం చేసిందో, ఏది మిగిలిందో చెప్పింది. ఇంతలో ఫోన్‌లో క్లయింట్ మేనేజరు అడ్డం పడ్డాడు. మొదటి నుంచి చూస్తున్నది ఆమే కాబట్టి, పని పూర్తయ్యేదాకా ఆమే ఉండాలన్నాడు. మౌనిక బ్యాగు తీసుకోబోయి ఆగిపోయింది.

శ్రీధర్ గారు హెడ్‌సెట్ తన తలకు పెట్టుకుని, “ఇక్కడి నుంచి బాధ్యత నాది,” అని క్లయింట్‌కు ఇంగ్లీషులో చెప్పారు. తర్వాత మైకు మూసి ఆమెతో అన్నారు: “నువ్వెళ్ళు మౌనికా. దీనికి ఏమైనా నేను జవాబు చెప్పుకుంటాను. గేటు మూసేస్తారు, పో.”

ఆమె వెళ్ళింది. గేటు మూసే ముందు చివర్న లోపలికి వెళ్ళినవాళ్ళలో ఆమె ఒకతి. మొదటి భాగం ఇంగ్లీషు పేరాలు. చదువుతుంటే ఒక్క ముక్క ఎక్కలేదనీ, చెవుల్లో ఇంకా క్లయింట్ గొంతే ఉందనీ చెప్పింది. లెక్కల భాగానికి వచ్చాక చెయ్యి తిరిగిందట.

ఆఫీసులో ఆ సాయంత్రం శ్రీధర్ గారు రోల్‌బ్యాక్ చేశారు. అంటే కొత్తది తీసేసి పాతదాన్నే మళ్ళీ పెట్టడం. రిలీజ్ ఫెయిలైనట్టు లెక్క. దాని మీద జరిగిన మీటింగులన్నిటిలోనూ ఆయనే కూర్చున్నారు. ఎక్కడా మౌనిక పేరు రానివ్వలేదు.

ఫలితాలు వచ్చాయి. క్యాట్‌లో మార్కుల కంటే పర్సెంటైల్ ముఖ్యం. రాసినవాళ్ళలో మన వెనక ఎంత శాతం ఉన్నారో చెప్పే అంకె అది. మౌనికకు మంచి పర్సెంటైల్ వచ్చింది. ఇంటర్వ్యూలకు వెళ్ళింది, సీటు తెచ్చుకుంది. పాపను చూసుకోవడానికి కూడా వీలుండే కాలేజీనే ఎంచుకుంది. చెప్పడానికి భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. అతను పెద్దగా మాట్లాడే మనిషి కాదు. “ఇగ నేను డే షిఫ్టుకు మారిన సార్,” అన్నాడు, అంతే.

శ్రీధర్ గారికి లెక్కల భాగం కటాఫ్ దాటలేదు. అంటే మిగతా భాగాలు ఎంత బాగా రాసినా, ఆ ఒక్కదానిలో ఉండాల్సిన కనీసం రాలేదు. ఆ ఏడు ప్రమోషనూ రాలేదు. నాకు ఫోన్ చేసి మామూలు గొంతుతోనే చెప్పారు.

“బాధగా ఉందండీ, లేదనను,” అన్నారు. “కానీ ఆ రోస్టర్‌లో ముందు మౌనిక పేరు రాసింది, ఆ రోజే పరీక్షని తెలిసే రాశాను. దాన్ని అలాగే వదిలేసి ఉంటే, సీటు వచ్చినా నాకు బాగుండేది కాదు.”

ఇప్పుడు ఆయన టీములోంచి ఏటా ఒకరిద్దరు మా బ్యాచ్‌కు వస్తారు. వాళ్ళు ఐడీ కార్డు మెడలో ఉంచుకునే వస్తారు.

ఈ ఉద్యోగంలో ఇన్నాళ్ళూ, చదవడానికి టైము ఎలా మిగుల్చుకోవాలో చెప్పడమే నా పని అనుకున్నాను. ఆ టైము ఎవరో ఒకరు తమది తీసి ఇస్తేనే వస్తుందని ఈ ఇద్దరి వల్ల తెలిసింది. నైట్ షిఫ్టు చేసే భర్త కావచ్చు, హెడ్‌సెట్ అందుకునే మేనేజర్ కావచ్చు. అందుకే ఇప్పుడు కొత్త బ్యాచ్‌కు శాతాలు మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న అడుగుతున్నాను: “పరీక్ష రోజున మీ కుర్చీలో ఎవరు కూర్చుంటారు?” ముందు వెళ్ళి ఆ మనిషితో మాట్లాడి రమ్మంటాను. లెక్కలు ఆ తర్వాత.