ఆరాకుల చక్రం, ఎనిమిదాకుల చక్రం

“నిన్న సచ్చినాడని పెట్టెలో పెట్టి మేకులు కొట్టినారంటివే, వాడు ఈ పొద్దు ఆకాశంలో ఎట్ల ఎగురుతాండాడు మామా? మేమేమన్నా ఎర్రోళ్లమా?”

“నీకేమప్పా అంత తొందర? చెప్పేటోనికి తెల్దా?” ఈశ్వరమ్మ పెద్దమ్మ ఓబుళేసు మీదికి లేచింది. “ఒలిచినవి దోసెడు చెనిక్కాయలు లేవు, నోరు మాత్రం ఊరంత ఉండాది.”

“కాయలు ఒలిస్తే సచ్చినోడు లేస్తాడా పెద్దమ్మా?”

వాకిట్లో అందరూ నవ్వారు. నేను గడప దగ్గర నిలబడి వింటున్నాను. అది అరవై ఆరో సంవత్సరం, వేసవి చివర. అనంతపురం కాలేజీలో ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు తప్పి, చదువు మానేసి బుక్కరాయసముద్రం వచ్చి పడ్డాను. అడిగినవాళ్లకు సెలవులని చెప్పుకుంటున్నాను.

ఓబుళేసు నిలదీస్తున్నది ఖాసిం సాబ్‌ను. ఆయన దూదేకులాయన. ఇంటింటికీ పోయి దూది ఏకి పరుపులు కుట్టడం ఆయన పని. ఆ ముందటి యేడు వానల్లేవు. తిండికే లేనప్పుడు పరుపు ఎవరు కుట్టించుకుంటారు? అందుకని విత్తనం వేరుశనగ కాయలు ఒలిచే రోజుల్లో మా పెద్దమ్మ వాకిటికి వచ్చి, ఒలిచేవాళ్లకు బొమ్మల పుస్తకం చూపిస్తూ కథ చెప్పేవాడు. కథ అయ్యాక పెద్దమ్మ ఒక సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి పెట్టేది. ఆయన సగం తిని, సగం భార్య రసూల్‌బీకి గుడ్డలో కట్టుకుని పోయేవాడు.

ఆ పుస్తకాలు ఆయనకు గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో దొరికాయి. ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు ఇంట్లో పరుపుల దూది ఏకుతుంటే, దొరసాని చిత్తు కాగితాలని ఇచ్చిందట. అన్నీ ఇంగ్లీషువే, అట్టలు లేవు. ఛాతీ మీద బండి చక్రం బొమ్మ ఉన్న వీరుడొకడు అందులో గాలిలో ఎగురుతూ కొండలు పగలగొడుతుంటాడు. మా వాళ్లు వాణ్ని ‘చక్రమాయన’ అనేవారు.

“లేచినోడు వాడు కాదు ఓబుళేసూ,” అన్నాడు ఖాసిం సాబ్ నిదానంగా. “రెండు భూములుండాయి. ఈడ ఒక చక్రమాయన, ఆ పక్క భూమి మీద ఒక చక్రమాయన. సచ్చినోని చక్రానికి ఆకులు ఎనిమిది. ఈ ఎగిరేటోనికి ఆరే. లెక్కబెట్టుకో.”

ఆడవాళ్లు ముందుకు వంగి చక్రం నడుమ పుల్లలు లెక్కపెట్టారు. నిజంగానే ఆరు.

నాకు ఒళ్లు మండింది. చదువుకున్నవాణ్ని నేనుండగా ఈయన చెప్పడమేమిటని. పోయి పుస్తకం లాక్కున్నాను. ఒక్క చూపుకే తెలిసిపోయింది. ఆయన వెనక పేజీ నుంచి మొదలుపెట్టి ముందుకు వస్తున్నాడు.

చిన్నప్పుడు మసీదులో ఖురాన్ ఓదడం ఒక్కటే ఆయన నేర్చింది. చేత పట్టుకుని చదివిన పుస్తకం కూడా అదొక్కటే. దాన్ని కుడివైపు నుంచి తెరుస్తారు. ఏ పుస్తకమైనా అలాగే తెరవాలనుకున్నాడు. అందుకే చివర చచ్చేవాడు ఆయన కథలో మొదటే చచ్చేవాడు.

ఇది ఆయన చెవిలో చెప్పొచ్చు. నేను అరిచాను.

“తిరగేసి చదువుతాండావు మామా! లేచేది లేదు, ఏమీ లేదు. ఉండేది ఒకే మనిషి, ఒకే భూమి. ఆఖర్న సచ్చిపోతాడు, అంతే. ఆకులు బొమ్మ గీసినోడు తప్పు గీసినాడు. ఇద్దరుంటే, ఇద్దరూ ఒక్క బొమ్మలో యాడుండారో చూపించు!”

ఖాసిం సాబ్ పుస్తకం తీసుకుని ఎడమవైపు నుంచి తిప్పాడు. మళ్లీ కుడివైపు నుంచి తిప్పాడు. రోజూ వేలు పెట్టి చూపించే బొమ్మలు ఆయనకు దొరకడం లేదు. రెండో పుస్తకం తీశాడు. అందులోనూ దొరకలేదు.

“తిరగేసిన సాబు!” అన్నాడు ఓబుళేసు. వాకిలంతా నవ్వింది. పెద్దమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆయన ఒక పుస్తకం సంచిలో వేసుకున్నాడు, ఇంకొకటి మరిచిపోయాడు. వెళ్లిపోయాడు. సంగటి ముద్ద తట్టలో అలాగే ఉంది. కాసేపు చూసి నేనే తిన్నాను. సగం ఎవరిదో తెలిసే తిన్నాను.

మరునాడు ఆయన రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఒలిచేవాళ్లు కథ లేక ఒకరితో ఒకరు పోట్లాడుకున్నారు. “నీ ఇంగ్లీషుతో నువ్వు చెప్పరాదా రామాంజీ?” అని పెద్దమ్మ అడిగింది. తలనొప్పి అన్నాను. నిజం ఏమిటంటే ఆ పుస్తకంలో పది మాటలకు నాకు మూడే తెలుసు. ఆ రోజు అరిచినప్పుడు నేను అందులో ఒక్క వరస కూడా చదవలేదు.

ఆయన మరిచిన పుస్తకం పట్టుకుని, డిక్షనరీ ముందేసుకుని కూర్చున్నాను. మూడు రోజులు పట్టింది. పుస్తకం రెండు భూములనే చెబుతోంది. ఒక్కో భూమికి ఒక్కో చక్రమాయన. పక్క భూమివాడు దారి తప్పి ఇక్కడికి వచ్చి పడ్డాడు. ఒక్క ఇంగ్లీషు అక్షరం రాని మనిషి బండి చక్రం ఆకులు లెక్కపెట్టి కనుక్కున్నదాన్ని, నేను చదువుకున్నవాణ్నని పదిమందిలో తుడిచేశాను.

నాలుగో రోజు ఆ పుస్తకం తీసుకుని వాళ్లింటికి పోయాను. రసూల్‌బీ రాగిజావ కాస్తోంది. పిండి కంటే నీళ్లే ఎక్కువ. నన్ను చూసి చాప వేసింది. ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేది.

“మామా, తప్పు నాదే. రేపు అందరి ముందర చెప్తా. నాకు ఇంగ్లీషు రాదు, పరీక్ష కూడా పోయిందని చెప్తా.”

ఖాసిం సాబ్ వినిపించుకోనట్టు, ఆ రోజు సంచిలో వేసుకుపోయిన రెండో పుస్తకం తెచ్చాడు. అందులో రెండు కాగితాలు ఎప్పుడో గంజి పడి అతుక్కుని ఉన్నాయట. తడిగుడ్డ వేసి, రెండు రోజులు కూర్చుని ఊడదీశాడు. ఒక మూల చిరిగింది. తెరిచి నా ముందు పెట్టాడు. ఇద్దరు చక్రమాయనలు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నారు. నేను లెక్కపెట్టాను. ఒకడికి ఆరు, ఇంకొకడికి ఎనిమిది.

“నువ్వు చెప్పిందీ నిజమే. ఎడమ పక్క నుంచే చూడాల,” అన్నాడు. “అట్ల చూస్తే ఎనిమిదాకులోడు ఆఖర్న పోతాడు. ఆరాకులోడు వాని గోరీ దగ్గర నిలబడతాడు. ఈ తూరి అట్లే చెప్తా.”

“నేను తప్పు ఒప్పుకుంటా మామా...”

“అదొద్దు. నువ్వు ఒప్పుకుంటే, పాపం ముసిలోడని పెద్దమ్మ పిలిచి ముద్ద పెడతాది. నాకు ఆ ముద్ద వద్దు.” పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. “రేపు నేనొస్తా. ఓబుళేసు, అందరూ ఉన్నెప్పుడు నువ్వు లేచి మళ్లా అదే మాట అడుగు. ఇద్దరూ ఒక్క బొమ్మలో యాడుండారో చూపించమను. మెత్తగా అడగొద్దు రామాంజినేయులూ. ఆ పొద్దు ఎంత గట్టిగా అరిచినావో, అంత గట్టిగా అడుగు.”